తుర్దా జట్టు నిజంగా రొమేనియా కప్ గెలిచిందా? చిన్న క్లబ్బుల చరిత్ర చదివే పద్ధతి

ప్రశ్న క్లుప్తంగా: "నేను క్లుజ్‌లో మెడిసిన్ చదువుతున్నాను. తుర్దా ఉప్పు గని చూడ్డానికి వెళ్తే అక్కడివాళ్ళు తమ ఊరి ఫుట్‌బాల్ జట్టు ఒకప్పుడు జాతీయ కప్ గెలిచిందన్నారు. ఇప్పుడేమో ఆ జట్టు కింది లీగుల్లో ఉంది. ఇది నిజమేనా? నెట్‌లో చదవబోతే ఒక్కో క్లబ్బుకి నాలుగు పేర్లు, రెండు మూడు స్థాపన సంవత్సరాలు కనిపిస్తున్నాయి. కొన్ని ఊళ్ళలో ఒకే పేరుతో రెండు జట్లున్నాయి. అసలు ఈ చరిత్రని ఎక్కడ మొదలుపెట్టాలి?"

జవాబు:

నిజమే. అరియెషుల్ తుర్దా 1961లో రొమేనియా కప్ గెలిచింది. ఫైనల్లో రాపిడ్ బుకారెస్ట్‌ని 2–1తో ఓడించింది. రాపిడ్ అంటే రైల్వేవాళ్ళ జట్టు, రాజధానిలో పెద్ద పేరు. తుర్దా అప్పుడు ఆడుతున్నది రెండో డివిజన్‌లో. ఆ తర్వాతి సీజన్ కప్ విజేతల యూరోపియన్ టోర్నీలో మాత్రం రొమేనియా తరఫున ఆడింది ప్రోగ్రెసుల్ బుకారెస్ట్. తుర్దాకి యూరప్ యాత్ర దక్కలేదు.

తుర్దా పక్కనే కింపియా తుర్జి అనే మరో చిన్న పట్టణం ఉంది, వచ్చేసారి అక్కడ కూడా దిగండి. ఇనుప తీగలు చేసే ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన ఊరది. ఆ ఫ్యాక్టరీ జట్టు 1956లో ఇదే కప్ ఫైనల్ దాకా వెళ్ళి ఒరాద్యా చేతిలో ఓడింది. జట్టుకి చాలాకాలం ఉన్న పేరు ఇండుస్త్రియా సిర్మెయ్, అంటే 'తీగల పరిశ్రమ'. అలంకారమేమీ లేదు, గేటు మీద ఉన్న బోర్డే జెర్సీ మీదికీ వచ్చింది. తుర్దా జట్టు కూడా కొన్నాళ్ళు 'స్తిక్లా అరియెషుల్' అన్న పేరుతో ఆడింది. స్తిక్లా అంటే గాజు, అరియెష్ అంటే ఊరి పక్క నది. గాజు ఫ్యాక్టరీ జట్టు అయింది కాబట్టి ఆ పేరు.

మీ ప్రశ్నలో అసలు చిక్కు ఇక్కడే విడిపోతుంది. నేను తిమిష్వారాలో ఉద్యోగం చేసిన రోజుల్లో వారాంతాల్లో కింది లీగుల మ్యాచ్‌లకి తిరిగేవాణ్ణి. మొదట్లో నాకూ ఈ పేర్లతో తల తిరిగిపోయేది. తర్వాత ఒక పద్ధతి కుదిరింది. క్లబ్బు ఎప్పుడు పుట్టింది అన్న సంగతి పక్కన పెట్టి, ఏ కాలంలో ఆటగాళ్ళకి జీతం ఎవరిచ్చారు అని వెతకడం. జీతమిచ్చే చెయ్యి మారిన ప్రతిసారీ అక్కడ పేరు మారింది, రంగులు మారాయి, ఒక్కోసారి క్లబ్బే మాయమైంది. ఫ్యాక్టరీ యజమాని, ఆ తర్వాత కార్మిక సంఘమో మంత్రిత్వ శాఖో, ఆ తర్వాత ప్రైవేటు వ్యాపారి, ఇప్పుడు మున్సిపాలిటీ లేదా అభిమానుల చందాలు. దాదాపు అన్ని చిన్న క్లబ్బుల కథా ఈ మెట్ల మీదుగానే నడుస్తుంది.

ముందు లీగుల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పాత పుస్తకాల్లో దివిజియా ఎ, బి, సి అని ఉంటుంది. 2006 నుంచి అవే లీగా 1, లీగా 2, లీగా 3 అయ్యాయి. మొదటి రెండూ దేశమంతటికీ ఒకటే. మూడోది ప్రాంతాలవారీగా చాలా సిరీస్‌లుగా నడుస్తుంది. నాలుగోది జిల్లా లీగ్: 41 జిల్లాలకీ, బుకారెస్ట్‌కీ ఎవరిది వాళ్ళకే. జిల్లా విజేత నేరుగా పైకి పోదు, ఇంకో జిల్లా విజేతతో 'బరాజ్' అనే ప్లేఆఫ్ ఆడి గెలవాలి. ఏడాదంతా ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా జిల్లా గెలిచి, ఆ చివరి రెండు మ్యాచ్‌లలో తేలిపోయి అక్కడే ఉండిపోయే జట్లు ఉంటాయి. టెన్షన్ చూడాలంటే జూన్‌లో వచ్చే ఆ మ్యాచ్‌లు చూడాలి.

ఇక చరిత్రకి వద్దాం. మీరు ట్రాన్సిల్వేనియాలో ఉన్నారు కాబట్టి పడమటి వైపు నుంచే మొదలుపెడతాను. రొమేనియా ఫుట్‌బాల్ తొలి బలమంతా అటువైపే ఉండేది.

తిమిష్వారాలో కినేజుల్ అనే క్లబ్బు ఉండేది. 1910లో, ఊరింకా ఆస్ట్రియా-హంగరీ పాలనలో ఉండగా పుట్టింది. ఊరు రొమేనియాలో కలిశాక 1922 నుంచి 1927 దాకా వరసగా ఆరుసార్లు జాతీయ ఛాంపియన్ అయింది. ఆ రికార్డుని అందుకోవడానికి స్తెవా బుకారెస్ట్‌కి 1998 దాకా పట్టింది. ఇంత గెలిచిన క్లబ్బు ఏమైంది? అధ్యక్షుడిగా ఉన్న డాక్టర్ కోర్నెల్ లజర్ బయటికొచ్చి 1928లో రిపెన్సియా అనే కొత్త క్లబ్బు పెట్టారు. రొమేనియాలో మొదటి ప్రొఫెషనల్ క్లబ్బు అదే, అంటే ఆటగాళ్ళకి బహిరంగంగా జీతమిచ్చింది. ఫెడరేషన్‌కి అది నచ్చలేదు. 1932లో జాతీయ లీగ్ మొదలయ్యేదాకా రిపెన్సియా ఫ్రెండ్లీ మ్యాచ్‌లతోనే కాలం గడిపింది. లీగ్‌లోకి రానిచ్చిన మొదటి సీజన్‌లోనే ఛాంపియన్ అయింది. మొత్తం నాలుగు టైటిళ్ళు, రెండు కప్పులు. 1938లో మధ్య యూరప్ క్లబ్బుల టోర్నీ మిత్రోపా కప్‌లో ఏసీ మిలాన్‌ని ఇంటి దగ్గర 3–0తో కొట్టి, అక్కడ 1–3తో ఓడినా ముందుకెళ్ళింది. దాని లెఫ్ట్ వింగర్ ష్తెఫాన్ దొబాయ్ 1934, 1938 ప్రపంచ కప్‌లు రెండింటిలోనూ గోల్ కొట్టాడు.

1948లో రిపెన్సియా కథ ముగిసింది. ప్రైవేటు డబ్బుతో నడిచే ప్రొఫెషనల్ క్లబ్బుకి కొత్త ప్రభుత్వంలో చోటు లేదు. అరవై ఏళ్ళకి పైగా ఆ పేరు పాత ఫొటోల్లో మాత్రమే మిగిలింది. 2012లో కొందరు అదే పేరుతో అట్టడుగు నుంచి మళ్ళీ మొదలుపెట్టి 2017కల్లా రెండో లీగ్ దాకా తెచ్చారు. నెట్‌లో ఒకచోట '1928', ఇంకోచోట '2012' అని కనిపిస్తే రెండూ తప్పు కావు. మొదటిది పేరుకి పుట్టినరోజు, రెండోది రిజిస్ట్రేషన్ కాగితానికి.

ఒరాద్యా కథ ఇంకా విచిత్రం. నా దృష్టిలో మొత్తం రొమేనియా ఫుట్‌బాల్‌లో ఇంతకు మించిన క్లబ్బు చరిత్ర లేదు. క్లుబుల్ అట్లెటిక్ ఒరాద్యా కూడా 1910లో పుట్టిందే. 1940లో వియన్నా తీర్పుతో ఉత్తర ట్రాన్సిల్వేనియా హంగరీ చేతికి వెళ్ళింది. ఊరితో పాటు జట్టు కూడా వెళ్ళింది. నాజ్వారద్ ఏసీ అనే హంగేరియన్ పేరుతో ఆడి 1943–44లో హంగరీ ఛాంపియన్ అయింది. యుద్ధం ముగిశాక ఊరు మళ్ళీ రొమేనియాకి వచ్చింది. 1948–49లో అదే క్లబ్బు ఐసీఓ పేరుతో రొమేనియా ఛాంపియన్ అయింది. ఐసీఓ అంటే ఒరాద్యా పురపాలక సంస్థ, అప్పుడు జీతాలిచ్చింది వాళ్ళు. తర్వాత ప్రోగ్రెసుల్ అన్నారు. 1956లో కింపియా తుర్జిని ఫైనల్లో ఓడించి కప్ ఎగరేసుకుపోయింది ఈ ప్రోగ్రెసులే. 1963లో క్లబ్బుని మూసేశారు. ఒకే స్టేడియం, ఒకే జనం, రెండు దేశాల టైటిళ్ళు.

ఆ జట్టులో ఆడిన యులియు బొదొలా రొమేనియాకి 48 మ్యాచ్‌లలో 30 గోల్స్ కొట్టాడు. తర్వాతి తరం ఆటగాడు హజీ వచ్చి దాటేదాకా అదే జాతీయ రికార్డు. అదే బొదొలా హంగరీ జాతీయ జట్టుకి కూడా ఆడాడు, అక్కడ ఆయన పేరు బొదొలా జ్యులా. 2017లో ఒరాద్యాలో ఆ క్లబ్బు పేరుని మళ్ళీ బతికించారు. క్లుజ్ నుంచి మీకు మూడు గంటల దారి, వీలుంటే తప్పక వెళ్ళిరండి.

ఒరాద్యాకి దక్షిణంగా అరాద్ ఉంది. అక్కడి యూటీఏ క్లబ్బుని 1945లో బట్టల మిల్లు యజమాని బారన్ ఫ్రాన్సిస్ నోయ్‌మన్ పెట్టారు. డబ్బుకి లోటు లేదు, ఆయనకి ఇంగ్లిష్ ఫుట్‌బాల్ అంటే పిచ్చి. ఆర్సెనల్ వాళ్ళ హైబరీని మనసులో పెట్టుకుని స్టేడియం కట్టించారంటారు. పుట్టిన రెండేళ్ళకే టైటిల్, మరుసటి ఏడాది ఇంకోటి. ఈలోగా 1948 జూన్‌లో పరిశ్రమల జాతీయీకరణ చట్టం వచ్చింది. మిల్లు పోయింది, బారన్ దేశం విడిచి వెళ్ళిపోయారు. క్లబ్బు మాత్రం మిగిలింది. ఎందుకంటే మిల్లు అక్కడే ఉంది, కార్మికులు అక్కడే ఉన్నారు, జీతం ఇచ్చేది ప్రభుత్వం అయింది అంతే. కొన్నాళ్ళు 'ఫ్లామురా రొషియె' (ఎర్ర జెండా) అని పేరు పెట్టారు, తర్వాత పాత పేరు వచ్చింది. 1970లో యూరోపియన్ కప్ మొదటి రౌండ్‌లోనే అప్పటి యూరప్ ఛాంపియన్ ఫెయెనూర్డ్‌ని ఇంటికి పంపింది: రాటర్‌డామ్‌లో 1–1, అరాద్‌లో 0–0. ఆరు టైటిళ్ళున్న ఆ క్లబ్బు తర్వాత కింది లీగుల్లో చాలా ఏళ్ళు నలిగి 2020లో పైకొచ్చింది.

కమ్యూనిస్టు కాలంలో పేర్లు పెట్టే పద్ధతి ఒక్కసారి పట్టుబడితే సగం చరిత్ర పేరులోనే కనిపిస్తుంది. లోకోమొతీవా అంటే రైల్వే. పెత్రోలుల్, ఫ్లాకరా అంటే చమురు బావుల ఊళ్ళు. మినెరుల్ అంటే గని. మెటలుల్, ఒత్సెలుల్ అంటే లోహం, ఉక్కు. కిమియా రసాయనాలు. ష్తియిన్త్సా విద్యార్థులు. రెకోల్తా అంటే పంట, అది కచ్చితంగా పల్లెటూరి జట్టు. దినమో హోం శాఖది, స్తెవా సైన్యానిది. చట్టం ప్రకారం అందరూ అమెచ్యూర్లే. నిజానికి ఆటగాడి పేరు ఫ్యాక్టరీ హాజరు పట్టీలో ఉండేది, మనిషి మైదానంలో ఉండేవాడు.

ఫ్యాక్టరీ గట్టిగా నడిచినన్నాళ్ళు ఈ పద్ధతి చిన్న ఊళ్ళకి ఎంత బలమిచ్చిందో కప్ జాబితా చూస్తే తెలుస్తుంది. 1954లో రెండో డివిజన్‌లో ఉన్న మెటలుల్ రెషిత్సా ఫైనల్లో దినమోని ఓడించింది. 1961లో మీ తుర్దా. 1973లో కిమియా రిమ్నికు విల్చా, అదీ రెండో డివిజన్ జట్టే. ఆ తర్వాత యూరప్‌లో ఉత్తర ఐర్లండ్ జట్టు గ్లెన్‌టోరన్ చేతిలో ఓడింది. మరుసటి ఏడాది, 1974లో, బొగ్గు గనుల ఊరు పెట్రొషాన్‌కి చెందిన జియుల్ క్లబ్బు పొలితెహ్నికా తిమిష్వారాని 4–2తో ఓడించి కప్ తీసుకుంది. యూరప్‌లో డండీ యునైటెడ్‌తో స్కాట్లండ్‌లో 0–3తో ఓడినా, ఇంటి దగ్గర 2–0తో గెలిచి పరువు నిలుపుకుంది.

జియుల్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. 1919లో పుట్టిన క్లబ్బు. జియు నది లోయ పొడవునా గని పట్టణాలే, లుపేన్ లాంటి ఊళ్ళకి వాటి సొంత 'మినెరుల్' జట్లుండేవి. 1977 ఆగస్టులో లుపేన్ గనుల్లో జరిగిన సమ్మె కమ్యూనిస్టు పాలకుడు చౌషెస్కు కాలంలో అతి పెద్ద కార్మిక తిరుగుబాటుల్లో ఒకటి. 1997 నుంచి గనులు వరసగా మూతపడి వేలమందిని ఇంటికి పంపారు. కొలువులు పోయాక జనం ఇటలీకి, స్పెయిన్‌కి వలస వెళ్ళారు. స్టేడియం మెట్ల మీద కూర్చోవాల్సిన వయసువాళ్ళే ఊళ్ళో లేకుండా పోయారు. జియుల్ 2005లో మళ్ళీ మొదటి లీగ్‌లోకి వచ్చి రెండు సీజన్లు నిలబడి దిగిపోయింది. ఆటగాళ్ళని మాంసానికి, ఫుట్‌బాల్ బంతులకి అమ్ముకున్న రొమేనియా క్లబ్బుల కథలు మీరు నెట్‌లో చూసే ఉంటారు. పేపర్లవాళ్ళు వాటిని నవ్వులాటగా రాశారు. 2006లో యూటీఏ ఆటగాణ్ణి నాలుగో లీగ్ జట్టు ఒకటి 15 కిలోల మాంసానికి తీసుకుందన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. నాకు మాత్రం వాటిలో నవ్వు రాదు. జీతాలు నెలల తరబడి అందని చోట మాంసం కూడా డబ్బే.

పైవాళ్ళ దయతో ఎదిగిన ఊరి కథ కూడా చెప్పాలి, లేకపోతే కార్మికుల జట్లన్నీ చెమటోడ్చే గెలిచాయనుకుంటారు. స్కోర్నిచేష్ట్ చౌషెస్కు పుట్టిన ఊరు. అక్కడి వీతోరుల్ క్లబ్బు 1972లో పుట్టింది. 1978లో మూడో డివిజన్ చివరి రోజున ఫ్లాకరా మొరెన్ అనే చమురు ఊరి జట్టుతో గోల్స్ తేడా మీద పోటీ. ఆ రోజు స్కోర్నిచేష్ట్ 18–0తో గెలిచింది. అవతలి జట్టు అదే జిల్లాకి చెందిన స్లాతినా పట్టణం జట్టు. మరుసటి ఏడాదే రెండో డివిజన్ దాటి మొదటి డివిజన్‌లోకి వెళ్ళింది. ఎఫ్‌సీ ఓల్ట్ అని పేరు మార్చుకుని, ఊరి జనాభాకి మించిన స్టేడియం కట్టుకుని, దశాబ్దం పాటు అక్కడే ఉంది. విక్తోర్ పిత్సుర్కా, డాన్ పెట్రెస్కు, డోరినెల్ ముంటియాను లాంటివాళ్ళు ఏదో ఒక దశలో అక్కడ ఆడారు. ఆటగాళ్ళు నిజంగానే మంచివాళ్ళు. 1989 డిసెంబరులో చౌషెస్కు పోయాడు. సీజన్ సగంలోనే ఎఫ్‌సీ ఓల్ట్‌ని, పోలీసు శాఖ జట్టు విక్టోరియా బుకారెస్ట్‌ని లీగ్ నుంచి తీసేశారు. విక్టోరియా అంతకు ముందు సీజన్‌లో యుఏఫా కప్ క్వార్టర్ ఫైనల్ ఆడిన జట్టు. కొన్ని వారాల్లో లేకుండా పోయింది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. చిన్న క్లబ్బుల చరిత్ర అంతా ఒక్క మ్యాచ్‌లో చూడాలంటే 2024 మే నెలలో సిబియులో జరిగిన కప్ ఫైనల్ చూడండి. కోర్వినుల్ హునెద్వారా, ఒత్సెలుల్ గలాత్స్. రెండూ ఉక్కు ఊళ్ళే. రెండు క్లబ్బులూ ఒకసారి పోయి తిరిగొచ్చినవే.

కోర్వినుల్ 1921లో పుట్టింది. 1977లో మిర్చా లుచెస్కు ఆటగాడిగా వచ్చి అక్కడే కోచ్ కూడా అయ్యారు. మిర్చా రెద్నిక్, యోవాన్ అందోనె, మిహాయెల్ క్లైన్ లాంటి కుర్రాళ్ళతో జట్టు కట్టి 1982లో మూడో స్థానానికి తెచ్చారు. ఆ తర్వాత యుఏఫా కప్‌లో ఆస్ట్రియా జట్టు గ్రాజర్ ఏకేని ఓడించి, సరయెవో జట్టు దగ్గర ఆగిపోయారు. క్లైన్ 1993లో జర్మనీలో శిక్షణ మధ్యలోనే చనిపోయాడు, వయసు 33. హునెద్వారా స్టేడియానికి ఆయన పేరే. ఉక్కు కర్మాగారం కుంచించుకుపోయాక క్లబ్బు కూడా 2000ల మొదట్లో చితికిపోయింది. పేర్లు మార్చుకుంటూ, కింది లీగుల్లో మళ్ళీ మొదలుపెడుతూ వచ్చింది.

ఒత్సెలుల్ కథ ఎత్తు నుంచి పడిన కథ. 2011లో డోరినెల్ ముంటియాను కోచ్‌గా దేశ ఛాంపియన్ అయింది. ఛాంపియన్స్ లీగ్‌లో మాంచెస్టర్ యునైటెడ్, బెన్‌ఫికా, బాసెల్ ఉన్న గ్రూప్‌లో ఆరుకి ఆరూ ఓడింది. అయిదేళ్ళకే, 2016లో, దివాలా తీసి మూతపడింది. అభిమానులు జిల్లా లీగ్ నుంచి మళ్ళీ మొదలుపెట్టి 2023కి మొదటి లీగ్‌లోకి తెచ్చారు.

సిబియులో ఆ రోజు 2–2 అయింది. పెనాల్టీల్లో కోర్వినుల్ 3–2తో గెలిచింది. రెండో లీగ్ జట్టు కప్ కొట్టింది, మీ తుర్దా లాగే. అంతేకాదు, కోర్వినుల్‌కి యూరప్ కూడా దక్కింది: హంగరీ జట్టు పాక్ష్‌ని దాటి, తర్వాత క్రొయేషియా జట్టు రియెకా చేతిలో ఓడింది.

మనవాళ్ళకి ఆసక్తి కలిగించే సంగతి ఇంకోటుంది. ఈ రెండు ఊళ్ళ ఉక్కు కర్మాగారాలనీ కొన్నది రాజస్థాన్‌లో పుట్టిన లక్ష్మీ మిట్టల్ కంపెనీయే. గలాత్స్‌ది 2001లో, హునెద్వారాది ఆ తర్వాత రెండు మూడేళ్ళకి. గలాత్స్ కర్మాగారం 2019లో సంజీవ్ గుప్తా లిబర్టీ గ్రూపుకి మారింది, ఆయనా పంజాబ్‌లో పుట్టినవారే. మనం ఇండియావాళ్ళమని తెలిస్తే ఆ ఊళ్ళలో ముసలివాళ్ళు ముందు అడిగేది మిట్టల్ గురించే. సినిమాల గురించి తర్వాత.

ప్రైవేటు డబ్బు ఎంత వేగంగా ఎత్తుతుందో, ఎంత వేగంగా దించుతుందో చూడాలంటే ఉనిరియా ఉర్జిచేన్ చాలు. బుకారెస్ట్‌కి ఈశాన్యంగా, ఇరవై వేలమంది కూడా లేని ఊరు. ఒక వ్యాపారి డబ్బు, డాన్ పెట్రెస్కు కోచింగ్. 2009లో దేశ ఛాంపియన్. ఛాంపియన్స్ లీగ్‌లో గ్లాస్గో వెళ్ళి రేంజర్స్‌ని 4–1తో కొట్టింది. సెవిల్లాని ఇంటి మ్యాచ్‌లో 1–0తో ఓడించింది. ఇంటి మ్యాచ్ అంటే బుకారెస్ట్‌లో ఆడింది, సొంత స్టేడియం ఆ స్థాయికి సరిపోదు. 8 పాయింట్లతో గ్రూప్‌లో మూడో స్థానం. 2011కల్లా ఆ క్లబ్బు లేదు. యజమాని చేతులెత్తేశాడు, ఆటగాళ్ళని అమ్మేశారు, అంతే. ఆ పేరుతో ఇప్పుడు కింది లీగుల్లో కనిపించే జట్టు తర్వాత కొత్తగా పెట్టింది.

ఒకే పేరుతో రెండు జట్లు ఎందుకు అని అడిగారు. క్లబ్బు దివాలా తీసినప్పుడు పేరు, చిహ్నం, 'పల్మరెస్' (పాత ట్రోఫీల లెక్క) ఎవరివి అన్న తగువు కోర్టుకి వెళ్తుంది. తిమిష్వారాలో 2012లో పొలితెహ్నికా క్లబ్బు కుప్పకూలింది. పక్క ఊరు రెకాష్ జట్టుని నగరానికి తెచ్చి ఏసీఎస్ పోలి అన్నారు. దానికి మున్సిపాలిటీ అండ ఉంది, పై లీగులో చోటు ఉంది. అభిమానులు మాత్రం దాన్ని ఒప్పుకోలేదు. అట్టడుగున ఏఎస్‌యూ పొలితెహ్నికా వెనక నిలబడి అక్కణ్ణుంచి పైకి తెచ్చారు. రెండు జట్లూ ఒకే లీగులో తలపడిన రోజులూ వచ్చాయి. చివరికి ఏసీఎస్ పోలి మూతపడింది. నేను ఆ ఊళ్ళోనే ఉన్నాను కాబట్టి నిష్పక్షపాతిని కాను, అభిమానుల జట్టు వైపే. క్రయోవాలో కూడా ఇలాంటి తగువే నడిచింది: 2011లో ఫెడరేషన్ పాత క్లబ్బుని వెలివేశాక ఒకే చరిత్రని రెండు జట్లు తమదన్నాయి.

బుకారెస్ట్ సంగతి అందరికీ తెలిసిందే. స్తెవా పేరుతో ఆడుతూ వచ్చిన ప్రైవేటు క్లబ్బు ఎఫ్‌సీఎస్‌బీతో పేరు గొడవ కోర్టుల్లో నడుస్తుండగానే సైన్యం 2017లో స్తెవా పేరుతో తన సొంత జట్టుని నాలుగో లీగ్‌లో దింపింది. రాపిడ్ కూడా 2016లో దివాలా తీసి అదే లీగ్‌లో ఉంది. 2018 ఏప్రిల్‌లో నేషనల్ అరేనాలో ఈ రెండు జట్ల నాలుగో లీగ్ మ్యాచ్‌కి 36 వేలకు పైగా జనం వచ్చారు.

ఇక మీరు ఏదైనా క్లబ్బు చరిత్ర తిరగేసేటప్పుడు ముందు పేరు ముందున్న అక్షరాలు చూడండి. సీఎస్ఎం అంటే మున్సిపాలిటీ క్లబ్బు, సీఎస్ఓ అంటే చిన్న పట్టణానిది. అంటే జీతం మేయర్ బడ్జెట్ నుంచి వస్తుంది, ఎన్నికల్లో మేయర్ మారితే జట్టు తలరాత మారొచ్చు. ఏసీఎస్ అంటే సొసైటీగా రిజిస్టర్ చేసిన సంఘం. పేరు చివర 1907, 1919, 1921 లాంటి అంకె తగిలించి ఉంటే మధ్యలో ఒకసారి తెగిపోయి మళ్ళీ అతుక్కుని ఉండే అవకాశం చాలా ఎక్కువ. తెగని క్లబ్బులకి ఆ అవసరం తక్కువ. తర్వాత 1948 ప్రాంతంలో, 1990లో, 2010 తర్వాత ఏం జరిగిందో వెతకండి. ఈ మూడు చోట్లా జీతమిచ్చే చెయ్యి మారింది. ఈ మూడు చోట్లా జట్టు ఒకే స్టేడియంలో ఆడితే, ఒకే రంగులు వేసుకుంటే, అది అదే క్లబ్బు అని నేను లెక్క వేసుకుంటాను. కోర్టు ఏమన్నా సరే.

వికీపీడియాలో ఇంగ్లిష్ పేజీ కన్నా రొమేనియన్ పేజీ చదవండి. ఒరాద్యా, అరాద్, క్లుజ్ వైపు క్లబ్బులకైతే హంగేరియన్ పేజీ కూడా తెరవండి. ఒకే మ్యాచ్, ఒకే ఆటగాడు వేరే పేరుతో అందులో దొరుకుతారు. మీ ఊరి సీఎఫ్ఆర్ క్లుజే చూడండి: 1907లో హంగేరియన్ రైల్వే ఉద్యోగుల జట్టుగా మొదలై, ఈ శతాబ్దం మొదట్లో ఇంకా మూడో డివిజన్‌లో ఉండి, 2008లో ఛాంపియన్ అయింది.

తుర్దాకి మళ్ళీ వెళ్తే ఈసారి ఉప్పు గనితో సరిపెట్టకండి. మ్యాచ్ రోజు చూసుకుని వెళ్ళండి. కింది లీగ్ మ్యాచ్‌లు ఎక్కువగా శుక్ర, శని, ఆదివారాల్లో ఉంటాయి. సమయం మాత్రం జిల్లా సంఘం పేజీలోనో, క్లబ్బు ఫేస్‌బుక్ పేజీలోనో ముందురోజు చూసుకోండి, చివరి నిమిషంలో మారుస్తుంటారు. టికెట్ ఉంటే కొన్ని లేయ్‌లు (రొమేనియా డబ్బు), చాలాచోట్ల అదీ ఉండదు. పొద్దుతిరుగుడు గింజలు బయటే కొనుక్కుని లోపలికి వెళ్ళండి. పక్కన కూర్చున్న పెద్దాయనని 1961 గురించి అడగండి. రొమేనియన్ సరిగ్గా రాకపోయినా ఫరవాలేదు, ఆ ఒక్క అంకె చాలు.